లంక మీద పదకొండు ఓట్లు

ఎలకల భయం వల్లే మా ఎన్నిక ఐదు ఆదివారాలు సాగింది. నవ్వకండి, నిజం.

మా పాస్టరేట్ కింద ఐదు సంఘాలు ఉండేవి. నాలుగు బందరు కాలవ వెంబడి, ఐదోది కృష్ణ మధ్యలో లంక మీద. ఐదింటికీ కలిపి ఒక్క పాస్టరుగారు, ఆయనకి ఒక్క సైకిలు. ఒక్కో ఆదివారం ఒక్కో ఊరు తిరిగేవారు. ఐదు సంఘాల ఆడవాళ్ళకీ కలిపి స్త్రీల సమాజం అని ఒకటుండేది. మూడేళ్ళకోసారి దానికి అధ్యక్షురాలిని ఎన్నుకోవాలి. సగం మందికి చదవడం రాదు కాబట్టి గింజలతో ఓటు వేసేవాళ్ళు. చర్చిలో ఓ మూల చీర అడ్డం కట్టి, దాని వెనక రెండు పళ్ళేలు, మధ్యలో ఓ మట్టి ముంత పెట్టేవారు. ఒక పళ్ళెంలో వడ్లు, ఇంకోదాంట్లో మినుములు. వడ్లు ఒకరికి, మినుములు ఒకరికి. చీర వెనక్కి వెళ్ళి, కావలసిన గింజ ఒకటి తీసి ముంతలో వేసి రావాలి. అందరూ వేశాక ముంతని చేటలోకి బోర్లించి, అక్కడికక్కడే లెక్కపెట్టేవారు. ఐదూళ్ళ ఓట్లూ పడేదాకా ముంతని దాచి ఆఖర్న ఒకేసారి లెక్కపెట్టొచ్చు కదా అని నేనోసారి పాస్టరుగారిని అడిగాను.

“దాచొచ్చమ్మా. ఈలోపు ఎలకలు ఓట్లు తినేస్తే జవాబు నువ్వు చెప్తావా?” అన్నారాయన.

అందుకని ఫలితం వారం వారం తెలిసిపోయేది. ఈ ఆదివారం ఒక ఊళ్ళో ఎవరికెన్ని పడ్డాయో సోమవారం పొద్దునకల్లా మిగతా ఊళ్ళన్నిటికీ పాకేది. ఆఖరి ఊరి వంతు వచ్చేసరికి ఎవరు గెలిచిందీ ఎప్పుడో తేలిపోయి ఉండేది. ఆఖరిది లంక. లంక సంఘంలో ఉన్నదే పదకొండు మంది ఆడవాళ్ళు. పాతిక ముప్ఫై ఓట్లు ముందున్నావిడని పదకొండు ఓట్లు ఏం చేస్తాయి? పైగా రేవు దాటాలి. “ఫలితం తెలిసిందే కదమ్మా, మీకెందుకు శ్రమ” అని వాళ్ళని వదిలేసేవారు. వాళ్ళూ అడిగేవాళ్ళు కాదు. సంఘం ముంత వాళ్ళ దగ్గరికి ఓటు కోసం ఎప్పుడూ వెళ్ళలేదు. గుప్పెడు బియ్యం కోసం మాత్రం నెలనెలా వెళ్ళేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఓ గుప్పెడు తీసి దేవుడి పేరున విడిగా పెట్టడం మా ఆడవాళ్ళందరికీ అలవాటు. నెలాఖరున ఆ గుప్పెళ్ళన్నీ సంఘం ముంతలో పోసేవాళ్ళు. అలా పోసే ప్రతి ఆడమనిషీ సమాజంలో సభ్యురాలే.

అది డెబ్బై ఆరో సంవత్సరం. దేశంలో ఎమర్జెన్సీ. పెద్ద ఎన్నికలు వాయిదా పడ్డాయి. ఆ ఏడాది మా చుట్టుపక్కల జరిగిన ఎన్నిక, నాకు తెలిసి, మా ముంత ఎన్నిక ఒక్కటే. అందులో మా అమ్మ నిలబడింది!

మా అమ్మ నాట్ల ముఠాకి మేస్త్రి. ఇరవై మంది ఆడవాళ్ళని వెంటేసుకుని ఆషాఢం నించి శ్రావణం దాకా కాలవ కింద చేలన్నీ నాటేది. సంతకం రాదు. నోరుంది, నడుముంది. సమాజం మీటింగులు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పెద్దూరి చర్చిలో జరిగేవి. మూడింటికి మా వాళ్ళు మోకాలి లోతు బురదలో ఉంటారు. ఇరవై ఏళ్ళుగా గుప్పెడు బియ్యం పోస్తూ మా అమ్మ ఒక్కటంటే ఒక్క మీటింగులో కూర్చోలేదు. కుట్టు మిషను నేర్పేది ఎవరికో, ఆసుపత్రికి చీటీ రాసిచ్చేది ఎవరికో, అంతా అక్కడే తేలేది. మీటింగుకి వచ్చిన వాళ్ళకే అందేది.

“మీటింగు ఆదివారం దీపాలు పెట్టే ఏళకి మార్చండి, మేమూ వస్తాం అని ఎన్నిసార్లు చెప్పించా. ఇనరే! ఇంక నేనే నిలబడతా” అంది అమ్మ. ఆమె అడిగిందల్లా అదొక్కటే, మీటింగు వేళ మార్చడం.

అవతల నిలబడింది పెద్దూరి మిషన్ బళ్ళో టీచరమ్మగారు. రెండుసార్లుగా ఆమే అధ్యక్షురాలు. నాకు అఆలు దిద్దించింది ఆవిడే. మంచి మనిషి, మాట నెమ్మది, మడత నలగని చీర. పాత అధ్యక్షురాలు కాబట్టి ముందు గింజ ఎంచుకునే హక్కు ఆవిడది. మినుములు కోరుకున్నారు. వడ్లు మాకొచ్చాయి. “వరి నాటేదానికి వడ్లు కాక ఇంకేం వస్తాయే” అని అమ్మ మురిసిపోయింది.

నేనప్పుడు విజయవాడలో డిగ్రీ రెండో ఏడు. భవానీపురంలో హాస్టలు. మాకు రాజకీయ శాస్త్రం చెప్పే లెక్చరరు గారికి పేపరు చదివి కథ చెప్పే అలవాటుండేది. అమెరికాలో ప్రెసిడెంటుగా ఎవరిని నిలబెట్టాలో తేల్చడానికి ముందు పార్టీల లోపల ఓట్లు జరుగుతాయనీ, అవి అన్ని రాష్ట్రాల్లోనూ ఒక్కరోజున కాక నెలల తరబడి ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయనీ ఆయన చెప్పారు. “ముందు వేసినవాళ్ళు తేల్చేస్తే ఆఖరున వేసేవాళ్ళ ఓటుకి విలువేముంది? అక్కడ ప్రతిసారీ ఇదే గొడవ. కానీ ఈ ఏడు ఆఖరి రాష్ట్రాలు వేశాక కూడా ఒక పార్టీలో ఇంకా తేలలేదు” అన్నారు. నేను బెంచీ మీంచి లేచినంత పని చేశాను. ఇది మా పాస్టరేటే! వాళ్ళకీ మాకూ తేడా ఎలకలే. క్లాసయ్యాక ఆయన దగ్గరికి పరుగెత్తి మా ముంత సంగతి మొత్తం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “మీ లంక ఎంత పెద్దదమ్మా?” అని చాలా గంభీరంగా అడిగారు.

ఇక ఆ నెలంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మొదటి రెండు వారాలూ శనివారం క్లాసులు అవగానే వన్ టౌన్ మీదుగా బస్టాండుకి, అక్కడ బందరు రోడ్డు బస్సు, బస్సు దిగి కాలవ గట్టున రెండు మైళ్ళు నడక. సంచిలో ఒక నోటు పుస్తకం. అందులో ఐదు సంఘాలకీ ఐదు గళ్ళు గీసుకున్నాను.

మొదటి ఆదివారం పెద్దూరు. టీచరమ్మగారి సొంతూరు. చేట బోర్లించేసరికి నల్లగా కనపడింది. మినుములు నలభై ఎనిమిది, వడ్లు పదిహేను. మా అమ్మ ఆ పదిహేను వడ్లనీ చూసి, “పర్లేదే, ఇక్కడ ఐదు కూడా రావనుకున్నా” అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

రెండో ఆదివారం పక్క ఊరు. మినుములు ఇరవై, వడ్లు పదహారు. మొత్తం ముప్ఫై ఏడు ఓట్ల తేడా. “అయిపోయిందిలే అక్కా, ఇంకెందుకు కూలి చెడగొట్టుకుని తిరగడం” అంది ముఠాలో ఒకామె. నాకు ముక్కు మీద కోపం. నోటు పుస్తకం తీసి ఆమె ముందు పరిచి, ఇంకా మూడు ఊళ్ళున్నాయి, ఇంకా ఇన్ని ఓట్లున్నాయి, అమెరికాలో ఏమైందో తెలుసా అని మొదలుపెట్టాను. ఆమెకి అమెరికా సంగతి పట్టలేదు గానీ నా గొంతు చూసి భయపడి, “సరేలేవే తల్లీ, వస్తాలే” అంది.

అప్పట్నించి నేను కాలేజీ మానేసి ఇంటి దగ్గరే ఉండిపోయాను. ఆ వారం మేము మూడో ఊరు మొత్తం తిరిగాం. అక్కడంతా నాట్లకెళ్ళేవాళ్ళే. అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగేది. “నీకు మీటింగుకి రావాలని ఉందా లేదా?” అంతే. ఉపన్యాసం లేదు. మూడో ఆదివారం వడ్లు ఇరవై ఆరు, మినుములు తొమ్మిది! పాస్టరుగారు లెక్క పూర్తి చేయకముందే మా ముఠా ఆడవాళ్ళు చర్చిలో కేకలు. “అమ్మా, ఇది దేవుడి ఇల్లు” అని ఆయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తేడా ఇరవైకి దిగింది.

నాలుగోది మా పేట. మా పేటలో ఓట్లు ఇరవై ఎనిమిది. అన్నీ మావే అనుకున్నాను. ఇరవయ్యే వచ్చాయి. ఆ ఎనిమిది మినుములు ఎవరు వేశారా అని, చెప్పొద్దూ, వారం రోజులు పంపు దగ్గర ప్రతి మొహాన్నీ అనుమానంగా చూశాను. అమ్మ నన్ను తిట్టింది. “ఎవరిష్టం వాళ్ళది. నువ్వు మొహాలు చూడబాకు, బిందె నింపు.”

నాలుగు ఊళ్ళూ అయ్యేసరికి టీచరమ్మగారు ఎనిమిది ఓట్లు ముందున్నారు. లంకలో ఉన్నవి పదకొండు. గళ్ళు కూడిక చేసి మళ్ళీ చేసి మళ్ళీ చేశాను. ఎనిమిది, పదకొండు. మా పాస్టరేట్ చరిత్రలో మొదటిసారి లంక ఓటుకి పనిపడింది! పది వడ్లు, ఒక్క మినుము పడితే చాలు, మేము ఒక్క ఓటుతో గెలుస్తాం.

పాస్టరుగారు కొంచెం నసిగారు. పైన వానలు పడి కృష్ణకి నీళ్ళొచ్చి ఉన్నాయి. “ఎనిమిది ఓట్లు తక్కువేం కాదు కదమ్మా, అందరూ ఒకవైపే వేస్తారా ఏంటి, నది చూస్తే అలా ఉంది” అన్నారు. నేను ఊరుకుంటానా. ఆయన ఇంటి అరుగు మీద నించుని, ఆఖరున ఉన్నంత మాత్రాన వాళ్ళ ఓటు ఓటు కాదా, వాళ్ళ గుప్పెడు బియ్యం మాత్రం నదిలో నీళ్ళున్నా తెచ్చుకుంటారేం అని నిలదీశాను. నా వయసు పంతొమ్మిది. ఆయన తెల్లబోయి, చివరికి నవ్వి, “వచ్చే ఆదివారం మూడింటికి రేవు దగ్గర ఉండండి” అన్నారు. ఎగిరి గంతేశాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, “అయితే ఎల్లుండి ఓ పూట పని మానుకుని లంక దాకా పోయొద్దామే. నాలుగు ఊళ్ళూ తిరిగాం, వాళ్ళని కూడా ఓ మాట అడగొద్దూ?” అంది.

నేను నోటు పుస్తకం మూసేశాను. బాగా గుర్తు. “ఎందుకమ్మా? వాళ్ళు మనలాగే కూలికెళ్ళే వాళ్ళు. ఆ పదకొండూ మనవే. ఇక్కడ నాట్లు వదిలేసి నది దాటి పోవడం దేనికి?”

“అడిగితే వాళ్ళకీ బాగుంటదే.”

“నేను లెక్క చూశాను కదా!” అన్నాను విసుగ్గా.

చదువుకునే కూతురు లెక్క చూశానంటే మా అమ్మ ఇంక మాట్లాడేది కాదు. ఆ రోజూ మాట్లాడలేదు.

ఐదో ఆదివారం. రేవు దగ్గర మా ముఠాకి ముఠా దిగింది. లంక దాకా రావడానికి పడవలో చోటు లేదు, గట్టునే కూర్చుంటామన్నారు. పడవలో పాస్టరుగారు, ఆయన ఒళ్ళో ముంత, పక్కన చేట, రెండు పళ్ళేలు, గింజల మూటలు. ఒకవైపు మా అమ్మ, నేను. ఎదురుగా గొడుగుతో టీచరమ్మగారు. నది ఎర్రగా ఉంది. అక్కడక్కడా కొట్టుకొచ్చిన చెట్ల కొమ్మలు. పడవాయన గెడ వేస్తూ వేస్తూ నడిమధ్యకి రాగానే పడవ ఒక్క ఊపు ఊగింది. టీచరమ్మగారి పైప్రాణాలు పైనే పోయాయి. ఎదురుగా ఉన్న మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అమ్మ కూడా కళ్ళు మూసుకుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. అవతలి ఒడ్డు వచ్చేదాకా ఇద్దరూ వదల్లేదు. నాకు నవ్వాగలేదు. రాష్ట్రాలకి రాష్ట్రాలు తిరిగే ఆ అమెరికా అభ్యర్థులు ఇలా చేతులు పట్టుకుని దాటుతారా అనుకున్నాను.

లంక మీద పసుపు తోటలు, అరటి తోటలు. వాటి మధ్య తాటాకు ప్రార్థన పాక. పదకొండు మందీ తలంట్లు పోసుకుని, తలలో పూలు పెట్టుకుని మా కోసం ఎదురుచూస్తున్నారు. “వందనాలండీ, వందనాలమ్మా” అని ఎదురొచ్చి కొబ్బరి బోండాలు కొట్టించారు. తమ దగ్గరికి ఎన్నిక వచ్చిందని వాళ్ళ సంబరం! చూశారా, ఆఖరి ఓటంటే ఇదీ అని ఎవరితోనన్నా అనాలనిపించింది.

పాస్టరుగారికి నది మీదే ధ్యాస. ప్రార్థన గబగబా కానిచ్చి, చీర కట్టించి, “వడ్లు మేస్త్రమ్మవి, మినుములు టీచరమ్మగారివి. లోపలికెళ్ళి మీకు నచ్చింది ముంతలో వేసి రండమ్మా, ఒక్కొక్కరే” అన్నారు. నాలుగు ఊళ్ళలో ఇదే చెప్పారు. ఆ ఊళ్ళ వాళ్ళందరికీ పద్ధతి పాతదే.

ఒకరు వెళ్ళారు, వచ్చారు. ఇంకొకరు. ఇంకొకరు. వచ్చేవాళ్ళ మొహాలు వెలిగిపోతున్నాయి. నేను వేళ్ళు మడుస్తున్నాను. ఆరుగురు అయ్యారు. ఏడో ఆవిడ, డెబ్బై ఏళ్ళ పెద్దావిడ, చీర వెనక్కి వెళ్ళి ఎంతసేపటికీ రాలేదు. చివరికి చీర పక్కకి జరిపి తల బయటికి పెట్టింది.

“పాస్టరుగారండీ, ఉన్న కాసినీ ఏశా, మినుములు అయిపోయినయ్యి. ఇంకేమన్నా ఉన్నయ్యా?”

ఒక్క గింజ చొప్పున ఆరుగురు వేస్తే పళ్ళెడు మినుములు ఎలా అయిపోతాయి? పాస్టరుగారు ఒక్క అంగలో చీర వెనక్కి వెళ్ళారు. వెనకే మేము. మినుముల పళ్ళెం ఖాళీ. వడ్ల పళ్ళెం మూల ఒక్కచోట మాత్రం గుంట పడి ఉంది. ముంత పీక దాకా నిండి ఉంది. ఆయన దాన్ని చేటలోకి బోర్లిస్తే గలగలమని నల్లటి కుప్ప. అందులో అక్కడక్కడా నాలుగు వడ్లు.

గుప్పెళ్ళు! గుప్పెళ్ళకి గుప్పెళ్ళు వేశారు!

“అమ్మా, ఒక్క గింజ వెయ్యాలమ్మా!” అన్నారు పాస్టరుగారు తల పట్టుకుని.

పెద్దావిడకి కోపమొచ్చింది. “ఒక్క గింజా? దేవుడి ముంతలో ఒక్క గింజ ఏస్తామా అండీ? ఏమనుకుంటాడు ఆయన? మేమంత లేనోళ్ళమా?”

అందరికీ నవ్వొచ్చింది. పాస్టరుగారికీ, టీచరమ్మగారికీ కూడా. నాకు మాత్రం రాలేదు. నేను ఆ నల్లటి కుప్పనే చూస్తున్నాను. మా పదకొండు ఓట్లు, నోటు పుస్తకంలో ముందే వడ్ల గడిలో రాసేసుకున్న పదకొండు ఓట్లు, చేటలో మినుములై కూర్చున్నాయి.

“ఇది చెల్లదు. మళ్ళీ వెయ్యాలి. మనిషికి ఒక్కటంటే ఒక్కటే” అని పాస్టరుగారు గింజలు వేరు చేయించడం మొదలుపెట్టారు. నలుగురు కూర్చుని ఏరుతున్నారు. అమ్మ వాళ్ళ పక్కన గొంతుక్కూర్చుని తనూ ఒక చెయ్యి వేసింది. మినుములు ఏరుతూనే మామూలుగా అడిగింది.

“నామీద కోపమా అమ్మా మీకు?”

“అయ్యో, కోపమేంటి వదినా” అంది ఒక నడివయసామె. “మీటింగు దీపాలేళకి మారుస్తానన్నావంట కదా. పొద్దు గూకితే పడవ కట్టేస్తాడు. ఇంక మేమెట్టా వచ్చేది? వస్తే ఎట్టా తిరిగొచ్చేది? మూడింటికైతే వచ్చి ఎలుగుండగానే ఇల్లు చేరొచ్చు. మొన్న మంగళారం టీచరమ్మగారు వచ్చినప్పుడు చెప్పారు.”

టీచరమ్మగారు వచ్చారట. ఆ నీళ్ళలో, పడవంటే అంత భయమున్న మనిషి, బడికి సెలవు పెట్టి, మంగళవారం ఒక్కతే నది దాటి వచ్చి వీళ్ళని అడిగి వెళ్ళారట. అమ్మ లంకకి పోయొద్దామన్న రోజు కూడా ఆ మంగళవారమే.

“నాకు తెలవదమ్మా ఈ సంగతి” అంది అమ్మ. ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. “పడవ సంగతి నాకు తట్టనే లేదు.”

“మీవైపు నించి మమ్మల్నెవరు అడిగారు వదినా?”

అమ్మ చేతిలో మినుముల్ని పళ్ళెంలో పోసింది. తర్వాత అంది. “అయితే మీరు రాబాకండి. మేమే వస్తాం. నెలకో ఆదివారం మీటింగు ఇక్కడే పెడదాం, పగటిపూట. నాకూ పడవంటే భయమే, అయినా వస్తా.”

“మేస్త్రమ్మా, ముంత దగ్గర ఓట్లు అడక్కూడదు” అన్నారు పాస్టరుగారు.

“అడగట్లేదండీ. తెలిసుంటే చెప్పేదాన్ని అంటన్నా.”

టీచరమ్మగారు అభ్యంతరం చెబుతారేమో అని చూశాను. ఆవిడ గొడుగు చివరతో నేల మీద ఏదో గీస్తూ ఊరుకున్నారు.

మళ్ళీ ఓట్లు. ఈసారి ఒక్కొక్కరూ చీర వెనక చాలాసేపు ఉన్నారు. బయటికొచ్చేవాళ్ళ మొహాలు చూసి ఏమీ చెప్పలేకపోయాను. మొదటిసారి అంత సంబరంగా వేసిన వాళ్ళు ఈసారి ఆలోచించుకుని వేస్తున్నారు. పెద్దావిడ మాత్రం వెళ్ళేముందే అందరికీ వినపడేలా చెప్పేసింది. “నేను ఒకసారి దేవుడి ముంతలో ఏసిందాన్ని మార్చేది లేదు. టీచరమ్మగారికి ఏశా, ఆమెకే ఏస్తా.”

“అమ్మా, చెప్పకూడదమ్మా!” అన్నారు పాస్టరుగారు. ఆయన చెప్పేలోగా ఆవిడ వేసి వచ్చేసింది.

ఇంక పది ఉన్నాయి. ఆ పదీ వడ్లయితే మేమే.

పదకొండో ఆవిడ వచ్చింది. పాస్టరుగారు ముంత ఎత్తి చేటలోకి వంచారు. ఆ ఆదివారాలన్నిటిలోనూ చేటలో అన్ని తక్కువ గింజలు నేనెప్పుడూ చూడలేదు. ఆయన చూపుడు వేలితో ఒక్కొక్కటీ పక్కకి జరిపారు. వడ్లు. వడ్లు. మినుము. వడ్లు, వడ్లు, వడ్లు. నా గోళ్ళు అమ్మ భుజంలో దిగబడ్డాయని తర్వాత చూసుకున్నాను. ఏడు. ఎనిమిది. తొమ్మిది. ఇంకా ఒక్క గింజ చేట అంచున వెదురు సందులో ఇరుక్కుని ఉంది. ఏ రంగో కనపడలేదు. అమ్మ, టీచరమ్మగారు, పదకొండు మంది లంక ఆడవాళ్ళు, అందరం ఒంగాం. పాస్టరుగారు వేలితో మీటారు.

మినుము.

తొమ్మిది వడ్లు, రెండు మినుములు. టీచరమ్మగారు ఒక్క ఓటుతో గెలిచారు. ఆ రెండో మినుము ఎవరు వేశారో నాకు తెలియదు. తెలుసుకోవాలని చూడలేదు కూడా.

పొద్దు వాలుతుంటే పడవెక్కాం. లంక వాళ్ళు రేవు దాకా వచ్చి, “ఈసారి ముందు మా దగ్గరికే రండి పాస్టరుగారూ” అని మరీ మరీ చెప్పారు. ఆయన అలాగేనన్నారు. నడిమధ్యలో పడవ మళ్ళీ ఊగింది. అమ్మ, టీచరమ్మగారు మళ్ళీ చేతులు పట్టుకున్నారు. నేను అమ్మ మొహం చూడలేక నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె ఏదన్నా అంటే బాగుండునని ఉంది. “మొన్న పోయొద్దామన్నా కదే” అని ఒక్క మాట అంటే, నేను ఏడ్చేసి తేలికపడేదాన్ని. అనలేదు.

గట్టు కనపడింది. ముఠా ఆడవాళ్ళు లేచి నించుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగి అరుస్తున్నారు. “ఏమైందే? ఎన్నొచ్చినయ్యి?”

“ఒక్క ఓటుతో పోయింది” అంది అమ్మ పడవ దిగుతూనే.

ఒక్కసారి గోల. లంక వాళ్ళని తిట్టేవాళ్ళు తిడుతున్నారు. వాళ్ళూ కూలోళ్ళే కదా, మనకి ఎట్టా ఎయ్యలేదు, సిగ్గు లేదా అని. మధ్యాహ్నం మూడు నించి నది ఒడ్డున కూర్చుని ఉన్నారు పాపం. మూడేళ్ళ పాటు ఇంక శుక్రవారం మూడింటికే మీటింగు. వాళ్ళలో ఒక్కరూ పోలేరు. ఆ సంగతి అందరికీ తెలుసు.

అమ్మ చెయ్యెత్తింది. “వాళ్ళనేం అనబాకండి. వాళ్ళకి పొద్దుగూకితే పడవ లేదు. నేను పోయి అడిగుంటే ముందే తెలిసేది. మా అమ్మాయి చెప్తానే ఉంది, లంకకి పోయొద్దాం, వాళ్ళనీ అడుగుదాం అని. నేనే ఇన్లేదు. నాట్లు పోతయ్యని నేనే ఆగిపోయా.”

ముఠా మొత్తం నా వైపు తిరిగింది. ఒక పెద్దామె వచ్చి నా బుగ్గలు పుణికి, అమ్మతో కోపంగా అంది. “చదువుకున్న పిల్ల చెప్తే ఇనొద్దటే? ఒక్క పూట కూలికి ఆశపడి మమ్మల్నందర్నీ ముంచావు కదే!”

అమ్మ తల వంచుకుని చీర కుచ్చెళ్ళు పిండుకుంటోంది. నేను నోరు తెరవలేదు. ఆ సాయంత్రమూ తెరవలేదు, తర్వాత ఆ మూడేళ్ళలో ఎవరో ఒకరు ఆమెని ఆ మాట అన్నప్పుడల్లా కూడా తెరవలేదు.